రెండు ట్యూబులూ మూసుకుపోయాయంటే: ఒక్క రోజులో తెరిపించుకోవాలా, ల్యాప్రోస్కోపీకి వెళ్ళాలా, నేరుగా ఐవీఎఫ్ చేయించుకోవాలా?

నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో హెచ్‌ఎస్‌జీ (గర్భసంచిలోకి ఎక్స్‌రేలో కనిపించే మందు ఎక్కించి, ట్యూబుల్లోంచి పోతుందో లేదో చూసే పరీక్ష) తీయించుకుని, రిపోర్టులో "బైలేటరల్ ట్యూబల్ బ్లాక్", అంటే గర్భసంచికి రెండు వైపులా ఉండే అండవాహిక ట్యూబులు రెండూ మూసుకున్నాయని చూసి, నెల తిరగకముందే హైదరాబాద్‌లో ఐవీఎఫ్ (టెస్ట్ ట్యూబ్ బేబీ చికిత్స) ప్యాకేజీకి అడ్వాన్స్ కట్టేస్తున్న జంటలు మన దగ్గర చాలామందే ఉన్నారు. అందులో కొందరికి అదే సరైన దారి, కాదనను. కాని కొందరికి కోత లేకుండా, కుట్లు లేకుండా, పొద్దున పోయి సాయంత్రానికి లేచి నడిచి వచ్చే చిన్న ప్రొసీజర్‌తో ట్యూబు తెరుచుకునే అవకాశం ఉంటుంది. ఆ సంగతి వాళ్ళకు ఎవరూ చెప్పరు, వాళ్ళకూ అడగాలని తెలియదు. బంగారం కుదువపెట్టి డబ్బు కట్టాక తెలిస్తే ఏం లాభం?

నేను డాక్టర్‌ని కాను. ఎక్స్‌రే విభాగంలో ఏళ్ళ తరబడి పనిచేశాను, ఆ టేబుల్ మీద పడుకున్న ఆడవాళ్ళ చెయ్యి పట్టుకుని నిలబడ్డాను, వాళ్ళ ఫిల్ములు చూశాను, తర్వాత ఎవరు ఏ చికిత్స చేయించుకున్నారో విన్నాను. అందుకే ఈ ఒక్క మాట గట్టిగా చెప్తున్నా. ఏ చికిత్స మంచిది అని అడిగే ముందు ట్యూబు ఎక్కడ మూసుకుంది, దేనివల్ల మూసుకుంది అని అడగండి. ఆ రెండింటికీ జవాబు దొరికితే ఎంపిక సగం అయిపోయినట్టే, దొరక్కుండా చేసే ఏ ఖర్చైనా గుడ్డిగా చేసినట్టే.

ఎక్కడ మూసుకుంది?

ఒక్కో ట్యూబు పది పన్నెండు సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. గర్భసంచిని ఆనుకున్న మొదటి భాగం చాలా సన్నం, లోపలి దారి మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. అండాశయం వైపు ఉండే చివర వెడల్పుగా, కుచ్చులా ఉంటుంది, విడుదలైన అండాన్ని అందుకునేది ఆ కుచ్చే. రిపోర్టులో "కార్నువల్ బ్లాక్" అనో "ప్రాక్సిమల్ బ్లాక్" అనో ఉంటే మందు గర్భసంచి మూలలోనే ఆగిపోయిందని అర్థం. "ఫింబ్రియల్", "డిస్టల్" అని రాస్తే అవతలి చివర మూసుకుంది. "హైడ్రోసాల్పింక్స్" అంటే చివర మూసుకుని ట్యూబులో నీరు చేరి ఉబ్బింది. "ఫ్రీ స్పిల్" అని ఉంటే మందు ట్యూబు దాటి కడుపులోకి పడింది, ఆ వైపు దారి తెరిచే ఉంది.

బత్తాయి తోటకు డ్రిప్ వేసినవాళ్ళకు ఈ తేడా వెంటనే తెలుస్తుంది: పైపు మొదట్లో ఉప్పో మట్టో పట్టి ఆగితే సన్నని తీగతో పొడిచి నీళ్ళు వదిలితే పోతుంది, అదే చివర ఎండకు మాడి అతుక్కుపోతే ఎంత పొడిచినా లాభం లేదు, పైగా పైపే చిరుగుతుంది. ట్యూబుల సంగతీ దాదాపు అంతే. పైన చెప్పిన కోత లేని చిన్న ప్రొసీజర్, అంటే సన్నని వైరుతో తెరవడం, మొదట్లో ఉన్న బ్లాక్‌కే పనికొస్తుంది. అవతలి చివర మూసుకున్నవాళ్ళు దానికి డబ్బు పెట్టకూడదు, ఎవరైనా చేస్తామన్నా వద్దనండి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మొదట్లో బ్లాక్ అని వచ్చిన రిపోర్టుల్లో చాలావాటిలో అది నిజమైన బ్లాకే కాదు. మందు ఎక్కించేటప్పుడు నొప్పికి ఆ సన్నని కండరం బిగుసుకుపోతుంది, లేదా చిక్కటి జిగురు ముద్దలా అడ్డం పడుతుంది, ఫిల్ములో రెండూ బ్లాక్‌లాగే కనిపిస్తాయి. ఇలాంటివాళ్ళకు నెల ఆగి మళ్ళీ పరీక్ష చేస్తే సగం మందికి పైగా దారి తెరిచే ఉన్నట్టు తేలిన అధ్యయనం కూడా ఉంది. అందుకని ఒక్క హెచ్‌ఎస్‌జీ చూసి కుంగిపోవద్దు, ముఖ్యంగా రిపోర్టులో కార్నువల్ అన్న మాట ఉంటే.

ఆ పరీక్ష సరిగ్గా జరిగిందా లేదా అన్నది కూడా చూసుకోవాలి. నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కపెట్టి ఆరో రోజుకూ పదో రోజుకూ మధ్య, రక్తస్రావం పూర్తిగా ఆగాక తీయాలి, నెలసరి వచ్చినప్పటి నుంచి పరీక్ష అయ్యేదాకా భార్యాభర్తలు కలవకూడదు. గంట ముందు నొప్పి మాత్ర వేసుకోవాలి, కండరం బిగుసుకోకుండా డాక్టర్ చెప్తే ఇంజెక్షన్ కూడా. మందు మెల్లగా ఎక్కించాలి. హడావుడిగా, వరసలో పదిమందిని కూర్చోబెట్టి, టెన్షన్‌తో బిగుసుకుపోయిన మనిషికి ఒక్కసారిగా ప్రెషర్‌తో మందు కొడితే "బ్లాక్" అని రాకుండా ఏం వస్తుంది? ఫిల్ములు కూడా తప్పక అడిగి తీసుకోండి. కాగితం మీద రెండు లైన్ల రిపోర్టు చూసి పై డాక్టర్ ఏమీ చెప్పలేరు, బొమ్మలు చూస్తే చాలా చెప్తారు.

దేనివల్ల మూసుకుంది?

కాన్పు తర్వాతో అబార్షన్ తర్వాతో వచ్చిన ఇన్ఫెక్షన్, క్లమీడియా లాంటి సుఖవ్యాధులు, పగిలిన అపెండిక్స్, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం), పాత ఆపరేషన్లు, ముందొకసారి ట్యూబులో వచ్చిన గర్భం, ఇవన్నీ కారణాలే. ఊళ్ళలో డాక్టర్ దాకా పోకుండా తెచ్చుకుని మింగే అబార్షన్ మాత్రల వల్ల లోపల ముక్క మిగిలిపోయి, చీము పట్టి, తర్వాత ట్యూబులు అతుక్కుపోయినవాళ్ళు ఉన్నారు. ఈ సంగతి భర్త ముందు, అత్తమ్మ ముందు చెప్పుకోలేక డాక్టర్‌కు కూడా దాస్తారు. డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడాలని అడగండి, అది మీ హక్కు.

మన దేశంలో అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది టీబీ. గర్భసంచికి, ట్యూబులకు టీబీ వస్తుందంటే చాలామంది నమ్మరు. దగ్గు ఉండదు, జ్వరం ఉండకపోవచ్చు, మనిషి మామూలుగానే పొలం పనికి పోతుంటుంది, కనిపించేది పిల్లలు కాకపోవడం ఒక్కటే, కొందరికి నెలసరి బాగా తగ్గిపోతుంది. ఎప్పుడో చిన్నప్పుడు ఊపిరితిత్తుల్లో చేరిన క్రిమి రక్తం ద్వారా ట్యూబులకు చేరుతుంది, జననాంగాల టీబీలో దాదాపు అందరికీ ట్యూబులు దెబ్బతింటాయి. ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందా, మీకు చిన్నప్పుడు మెడ గడ్డలు లేచాయా, ఇవి డాక్టర్ అడక్కపోయినా మీరే చెప్పండి.

టీబీ ఉన్న ట్యూబులో వైరు పెట్టకూడదు. లోపలి జబ్బు రేగుతుంది, ట్యూబు చిల్లు పడుతుంది, ఒకవేళ తెరుచుకున్నా గర్భం ట్యూబులోనే ఆగిపోయే ప్రమాదం ఎక్కువ. అందుకే అనుమానం ఉంటే ముందు గర్భసంచి లోపలి పొర నుంచి ముక్క తీసి బయాప్సీకి, కల్చర్‌కు (క్రిమి పెరుగుతుందేమో చూడటం), సీబీనాట్‌కు (టీబీ క్రిమి జన్యువును వెతికే పరీక్ష) పంపుతారు. కేవలం ఒక పీసీఆర్ (ఇదీ క్రిమి జన్యువును వెతికే పరీక్షే) పాజిటివ్ వచ్చిందని నెలల తరబడి మందులు మొదలుపెట్టడం మీద డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు, కాబట్టి ఒకే కాగితం చూపించి మందులు రాస్తే ఇంకో డాక్టర్ అభిప్రాయం తీసుకోండి. టీబీ అని తేలితే మాత్రం భయపడి దాచొద్దు. మందులు ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితం, మామూలుగా ఆరు నెలల కోర్సు, మందులు వాడినన్నాళ్ళూ టీబీ రోగుల తిండి కోసం ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ్ పథకం కింద నెలకు వెయ్యి రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి (2024 నవంబర్ దాకా ఇది అయిదు వందలే ఉండేది). కోర్సు అయ్యాక కూడా టీబీ పాడుచేసిన ట్యూబులు మళ్ళీ పనిచేయడం అరుదు, వాళ్ళకు గర్భసంచి పొర బాగుంటే ఐవీఎఫ్ దారే ఎక్కువగా మిగులుతుంది.

ట్యూబుల వైపు పోయే ముందు మరో రెండు

భర్తకు వీర్య పరీక్ష. దీనికి వాదన అక్కర్లేదు, రెండు మూడు రోజులు కలవకుండా ఉండి ల్యాబులో ఇచ్చి రావడమే. భార్యకు హెచ్‌ఎస్‌జీ, ల్యాప్రోస్కోపీ, అన్నీ అయ్యాక భర్త పరీక్ష చేయించుకుంటే కణాలే లేవని తేలిన ఇళ్ళు ఉన్నాయి. మగవాడి పరీక్ష కాకుండా ఆడమనిషిని ఏ టేబుల్ మీదా పడుకోబెట్టొద్దు.

రెండోది వయసు, దాంతోపాటు ఏఎంహెచ్ రక్తపరీక్ష (అండాశయంలో ఇంకా ఎన్ని అండాలు మిగిలాయో అంచనా చెప్పేది). ఇరవై ఏడేళ్ళ అమ్మాయికి ట్యూబు తెరిపించి ఏడాది చూడటం తెలివైన పని, ముప్పై తొమ్మిదేళ్ళ ఆమెకు అదే ఏడాది పెద్ద నష్టం.

ఓపీలో ట్యూబు తెరవడం

దీన్ని ఫెలోపియన్ ట్యూబ్ రీకెనలైజేషన్ అంటారు, కొందరు డాక్టర్లు ఎఫ్‌టీఆర్ అంటారు. 1980లలో అమెరికాలో మొదలైన పద్ధతి, కొత్త ప్రయోగం ఏమీ కాదు. గైనకాలజిస్టు పంపిస్తే ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు (ఎక్స్‌రేలో చూస్తూ సన్నని గొట్టాలతో చికిత్స చేసే డాక్టర్) చేస్తారు, క్యాథ్ ల్యాబ్‌లోనో ఫ్లోరోస్కోపీ గదిలోనో, అంటే కదులుతున్న ఎక్స్‌రే తెర మీద కనిపించే గదిలో. హెచ్‌ఎస్‌జీకి పడుకున్నట్టే పడుకోబెడతారు, కొంచెం మగతగా ఉండే ఇంజెక్షన్ ఇస్తారు. గర్భసంచి ముఖద్వారం గుండా సన్నని గొట్టం పోనిచ్చి, దాని కొనను ట్యూబు మొదలు దగ్గరకు చేర్చి, ముందు అక్కడే నేరుగా మందు ఎక్కించి చూస్తారు. బ్లాక్ ఉత్తదే అయితే, జిగురు ముద్దే అయితే, ఇక్కడే తెరుచుకుంటుంది, వైరు దాకా పోనక్కర్లేదు. తెరుచుకోకపోతే వెంట్రుకలాంటి మెత్తని కొన ఉన్న గైడ్ వైరును ఆ గొట్టంలోంచి మెల్లగా ముందుకు జరిపి అడ్డం తొలగిస్తారు, మళ్ళీ మందు వేసి అవతలికి పడుతుందో లేదో చూస్తారు. అరగంట నుంచి గంట పని. నెలసరి నొప్పిలాంటి నొప్పి, రెండు మూడు రోజులు కొద్దిగా రక్తపు మరక, ఇంతే ఎక్కువమందికి. మర్నాడు పనిలోకి పోవచ్చు.

ఫలితం గురించి నిజాయితీగా మాట్లాడాలి, ఎందుకంటే ఇక్కడే ఆశలు పెంచి అమ్మేవాళ్ళు ఉంటారు. సరైన మనిషిని ఎంచుకుని చేస్తే నూటికి డెబ్బై నుంచి తొంభై మందికి కనీసం ఒక ట్యూబు తెరుచుకుంటుంది. కాని ట్యూబు తెరుచుకోవడం వేరు, కడుపు పండటం వేరు. ఆ తర్వాత గర్భం నిలిచేది పావు వంతు నుంచి మూడో వంతు మందికి. తెరిచిన ట్యూబు కొందరికి ఆరు నెలల్లోనో ఏడాదిలోనో మళ్ళీ మూసుకుంటుంది, నూటికి ముప్పై మంది దాకా అని చెప్తారు. వైరుకు చిన్న చిల్లు పడటం నూటికి ఇద్దరు నుంచి అయిదుగురికి జరగొచ్చు, చాలావరకు దానంతటదే మానుతుంది. గర్భం ట్యూబులో ఆగిపోవడం నూటికి ముగ్గురు నలుగురికి, ఇది మాత్రం ప్రాణం మీదికి తెచ్చేది, దాని గురించి చివర్లో మళ్ళీ చెప్తాను. ఎక్స్‌రే వాడతారు కాబట్టి అండాశయాలకు కొంచెం రేడియేషన్ తగులుతుంది, అనుభవం ఉన్న చేతిలో అది తక్కువే.

ఈ లెక్కలు చూసి "మూడో వంతేనా" అని తీసిపారేయకండి. ఐవీఎఫ్ కూడా ముప్పై అయిదు లోపు వయసులో ఒక్కో ప్రయత్నానికి నూటికి ముప్పై నలభై మందికే ఫలిస్తుంది, దానికి ఒకటిన్నర నుంచి రెండున్నర లక్షలు అడుగుతారు, ఇంజెక్షన్లు, స్కానింగులు, పోయివచ్చే ఖర్చు వేరే. ట్యూబు తెరిపించడం అందులో చిన్న భాగంతో అయిపోతుంది, తెరుచుకుంటే ప్రతి నెలా ఒక అవకాశం, రెండో బిడ్డకు కూడా అదే దారి పనికిరావచ్చు. ఫలించకపోయినా ఐవీఎఫ్ తలుపు మూసుకుపోదు. చిన్న వయసు, మొదట్లోనే బ్లాక్, టీబీ లేదు, భర్త రిపోర్టు బాగుంది, ఇలా ఉన్న జంటకు నేనైతే ముందు ఇదే అడిగి చూడమంటాను.

ల్యాప్రోస్కోపీ, హిస్టరోస్కోపీ ఎప్పుడు?

పూర్తి మత్తు ఇచ్చి, బొడ్డు దగ్గర చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో లోపల చూస్తూ, కింది నుంచి నీలం రంగు మందు ఎక్కించి ట్యూబు చివర నుంచి వస్తుందో లేదో చూస్తారు. ఎక్స్‌రేలో కనిపించనివి, అంటే అతుకులు, ఎండోమెట్రియోసిస్, టీబీ గుర్తులు, ఇక్కడ కళ్ళారా కనిపిస్తాయి. అదే సమయంలో గర్భసంచి లోపలి నుంచి హిస్టరోస్కోపీ కెమెరాతో ట్యూబు మొదట్లోకి సన్నని గొట్టం పోనిచ్చి తెరవడం కూడా చేస్తారు, బయటి కెమెరా చూస్తుండగా కాబట్టి చిల్లు పడితే వెంటనే తెలుస్తుంది.

ఖర్చు, మత్తు, ఒక రాత్రి ఆస్పత్రి, నాలుగైదు రోజుల విశ్రాంతి, ఇవన్నీ ఎక్కువే. అయినా కొందరికి ఇదే మేలు. నెలసరిలో భరించలేని నొప్పి ఉన్నవాళ్ళు, గతంలో కడుపు ఆపరేషన్ అయినవాళ్ళు, స్కానింగులో సిస్టులో (నీటి గడ్డలో) గర్భసంచిలో అడ్డుపొరో కనిపించినవాళ్ళు, టీబీ అనుమానం తేలనివాళ్ళు, వీళ్ళకు ఒకేసారి అన్నీ చూసి సరిచేసుకోవచ్చు. అలాంటి కారణం ఏదీ లేకుండా, కేవలం కార్నువల్ బ్లాక్ అన్న రిపోర్టు మీద నేరుగా ల్యాప్రోస్కోపీ రాస్తే, "దీనికి ముందు ట్యూబులో నేరుగా మందు వేసి చూసే వీలుందా?" అని మర్యాదగా అడగండి. మంచి డాక్టర్ అడిగినందుకు కోపం తెచ్చుకోరు.

అవతలి చివర మూసుకుంటే

కొద్దిగా అతుక్కుని, లోపలి పొర బాగుంటే ల్యాప్రోస్కోపీలో చివర తెరిచి చూడొచ్చు. కాని నీరు నిండి బాగా ఉబ్బిన ట్యూబును తెరిచినా మళ్ళీ మూసుకుంటుంది, ట్యూబులో గర్భం ప్రమాదం పెరుగుతుంది. ఇలాంటివాళ్ళకు ఐవీఎఫే దారి, అదీ నేరుగా కాదు. ఉబ్బిన ట్యూబులోని నీరు వెనక్కి గర్భసంచిలోకి కారుతుంటే పిండం అంటుకోదు, ఐవీఎఫ్ ఫలించే అవకాశం దాదాపు సగానికి పడిపోతుంది. అందుకే ముందు ఆ ట్యూబును తీసేయడమో, గర్భసంచి దగ్గర కట్ చేసి మూసేయడమో చేస్తారు. ట్యూబు తీసేయాలనగానే ఇంట్లో పెద్దవాళ్ళు "ఉన్నది కూడా తీసేస్తారా" అని గొడవ చేస్తారు, ఆ బాధ నాకు అర్థమవుతుంది, కాని ఆ ట్యూబు ఇక బిడ్డను ఇవ్వదు, రాబోయే బిడ్డకు అడ్డం మాత్రం అవుతుంది. హైడ్రోసాల్పింక్స్ ఉందని తెలిసీ దాని ఊసెత్తకుండా ఐవీఎఫ్ మొదలుపెట్టే చోటు నుంచి లేచి వచ్చేయండి.

ఒక వైపే మూసుకుంటే కంగారు పడాల్సింది తక్కువ. రెండోది బాగుంటే మామూలుగానో, అండం పెరగడానికి మాత్రలతోనో, ఐయూఐతోనో (వీర్యాన్ని సన్నని గొట్టంతో గర్భసంచిలో వదలడం) గర్భం వస్తుంది. రెండూ మూసుకుని ఉన్నప్పుడు ఐయూఐ చేయడం మాత్రం వట్టి దండగ, వీర్యం ఎంత లోపల వదిలినా అండం దగ్గరకు పోయే దారే లేదు కదా. ట్యూబుల పరీక్షే చేయకుండా నెల నెలా ఐయూఐ చేయించుకుంటున్నవాళ్ళు ఇది చదువుతుంటే, వచ్చే నెల ఆపి ముందు ఆ పరీక్ష రాయమనండి.

పిల్లలు చాలని ఆపరేషన్ చేయించుకుని, తర్వాత బిడ్డను పోగొట్టుకునో మళ్ళీ పెళ్ళి చేసుకునో ట్యూబులు కలిపించుకోవాలనుకునేవాళ్ళ సంగతి వేరు. అక్కడ ట్యూబును కోసి కట్టేశారు, వైరుతో తెరుచుకోదు, కుట్టి కలపాలి. దాన్ని కూడా రీకెనలైజేషన్ అనే అంటారు కాబట్టి ఆస్పత్రికి ఫోన్ చేసినప్పుడు మీకు ఏది కావాలో విడమరిచి చెప్పండి, లేకపోతే నూరు కిలోమీటర్లు పోయాక తెలుస్తుంది.

ఇక నాటు మందులు, కషాయాలు, లోపల పెట్టే బిళ్ళలు, నూనెలు. మచ్చపడి మూసుకున్న ట్యూబును తెరిచే మాత్ర ఏ వైద్యంలోనూ లేదు. లోపల పెట్టే పసర్లతో ఇన్ఫెక్షన్ వస్తే ఉన్న ట్యూబు కూడా పోతుంది. "గర్భసంచి కడుగుతాం" అని మళ్ళీ మళ్ళీ డీ అండ్ సీ (గర్భసంచి లోపలి పొరను గీకి తీయడం) చేయించుకోవడం కూడా అంతే చెడ్డది, లోపలి పొర అతుక్కుపోతే ఐవీఎఫ్‌కు కూడా దారి ఉండదు. చెర్వుగట్టుకో కురుమూర్తికో పోయి మొక్కుకోండి, మనసుకు బలం వస్తుంది, ఎవరు వద్దంటారు. పరీక్ష కూడా చేయించుకోండి.

మన జిల్లాల నుంచి ఎలా?

హెచ్‌ఎస్‌జీ, స్కానింగు, భర్త పరీక్ష, టీబీ పరీక్షలు నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్‌లలోనే అయిపోతాయి, వాటికోసం హైదరాబాద్ పోనక్కర్లేదు. మూడు చోట్లా ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రులు ఉన్నాయి, పాత నల్గొండ జిల్లాలోనే బీబీనగర్ ఎయిమ్స్ కూడా ఉంది. వైరుతో తెరిచే పనికి మాత్రం ఎక్కువగా హైదరాబాదే పోవాల్సి వస్తుంది. గైనిక్ ఓపీలో కాకుండా రేడియాలజీ విభాగానికి ఫోన్ చేసి, ట్యూబులు తెరిచే ప్రొసీజర్ ఇక్కడ చేస్తారా, నెలకు ఎన్ని చేస్తారు, ఎవరు చేస్తారు, తెరుచుకోకపోతే ఫీజు ఎంత, వైరూ గొట్టమూ ఖర్చు అందులోనే కలిసి ఉంటుందా, అని అడగండి. ఎప్పుడో ఏడాదికి ఒకటి చేసే చోటు కన్నా తరచూ చేసే చోటు వెతుక్కోవడం మంచిది.

2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ఛార్జీ లేదు, ఆధార్ పెట్టుకుంటే పోయే ఖర్చు తగ్గుతుంది. కాని మగత ఇంజెక్షన్ తీసుకున్న రోజే రెండున్నర మూడు గంటలు బస్సులో నిలబడి రావొద్దు, ఎల్బీనగర్ వైపో శంషాబాద్ వైపో చుట్టాలుంటే ఆ రాత్రి అక్కడే పడుకుని పొద్దున బయలుదేరండి.

ఐవీఎఫ్ దాకా పోవాల్సి వస్తే, 2021 నాటి సంతాన సాఫల్య చికిత్సల (ఏఆర్‌టీ) చట్టం ప్రకారం ఆ క్లినిక్‌కు రిజిస్ట్రేషన్ ఉండాలి, భార్య వయసు 21 నుంచి 50, భర్త వయసు 21 నుంచి 55 మధ్య ఉండాలి. సర్టిఫికెట్ గోడ మీద ఉందో లేదో చూడండి, లేకపోతే అడగండి. గాంధీ ఆస్పత్రిలో ప్రభుత్వ సంతాన సాఫల్య కేంద్రాన్ని 2023 అక్టోబర్‌లో ప్రారంభించారు, ఇప్పుడు అక్కడ ఏయే సేవలు నడుస్తున్నాయో కనుక్కుని, లక్షలు కట్టే ముందు ఆ దారి కూడా చూసుకోండి.

తెరిపించుకున్నాక

మొదటి ఆరు నెలలు బంగారం లాంటివి. ట్యూబు మళ్ళీ మూసుకోకముందే ప్రయత్నించాలి కదా. అందుకే పాలమూరు వైపు జంటలకు ప్రత్యేకంగా చెప్తున్నా: భర్త ముంబైలోనో పుణెలోనో పనిలో ఉండి పండగకు మాత్రమే వస్తున్నాడంటే ఇప్పుడే చేయించుకోవద్దు. కనీసం ఆరు నెలలు ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండేలా చూసుకుని, లేదా ఆమె కూడా అక్కడికే పోయేలా ఉంటే, అప్పుడు తేదీ తీసుకోండి. అండం విడుదలయ్యే రోజులకు మనిషి ఇంట్లో లేకపోతే ఎంత బాగా తెరిచిన ట్యూబైనా ఉపయోగపడదు. ఏడాది దాటినా రాకపోతే మళ్ళీ డాక్టర్‌తో కూర్చుని, రెండోసారి తెరవడమా ఐవీఎఫా అన్నది వయసు చూసి తేల్చుకోవాలి.

నెలసరి తప్పితే సంతోషంతో ఊరంతా చెప్పకముందు ఒక పని చేయండి. వారం దాటగానే ఇంట్లో కిట్ పరీక్ష, పాజిటివ్ అయితే ఆరో వారానికల్లా స్కానింగు, నొప్పి లేకపోయినా సరే. గర్భం సంచిలో ఉందా ట్యూబులో ఉందా అని చూడటానికే అది. పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, భుజం గుంజడం, కళ్ళు తిరగడం, కొద్దికొద్దిగా రక్తం, వీటిలో ఏది కనిపించినా తెల్లారే దాకా ఆగొద్దు, దగ్గరి ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజ్ ఎక్కించుకుంటూ కూర్చోవద్దు, 108కి ఫోన్ చేసి జిల్లా ఆస్పత్రికి పోయి, "నాకు ట్యూబు తెరిపించారు, ఇప్పుడు నెల తప్పింది" అని మొదటి మాటగా చెప్పండి. ప్రొసీజర్ డిశ్చార్జి కాగితం ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి, ఆ రాత్రి డ్యూటీ డాక్టర్‌కు అది చాలా పనికొస్తుంది.